ఒక్క తేడా, రెండు గ్లాసులు: విస్కీని పోల్చి రుచి చూసే పద్ధతి

విస్కీ రుచి తెలియాలంటే ఒక గ్లాసు సరిపోదు. రెండు కావాలి, పక్కపక్కన. ఒంటరి పెగ్గు చేతికిచ్చి ఎలా ఉందని అడిగితే ఎవరైనా "బాగుంది, స్మూత్‌గా ఉంది" అంటారు. అదే మనిషి ముందు రెండు గ్లాసులు పెట్టి అడగండి. "ఇది కాస్త తీపి. దాంట్లో పొగ వాసన ఉంది. దీని ఘాటు గొంతులో చాలాసేపు నిలుస్తోంది" అని ఎవరూ నేర్పకుండానే చెప్తారు. మా ఇంట్లో ఇది మళ్లీ మళ్లీ చూశాను. మా ఆయనకి, మా తోడికోడలికి, "నాకివన్నీ ఒకటేలా ఉంటాయమ్మా" అంటూ కూర్చున్న మా పెద్దన్నయ్యకి, అందరికీ తేడాలు తెలిశాయి.

ఇంకో షరతు ఉంది, అది మరీ ముఖ్యం. ఆ రెండు గ్లాసుల మధ్య తేడా వీలైనంతవరకు ఒక్కటే ఉండాలి. నేను బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అక్కడ కొత్తగా చేరినవాళ్లకి ముందు నేర్పేది ఇదే: ఒకసారికి ఒక్కటే మార్చు, మిగతావి కదపకు. పొగ వాసన ఉన్న స్కాచ్‌నీ (స్కాట్లాండ్ విస్కీ), తీపి బోర్బన్‌నీ (మొక్కజొన్న ఎక్కువగా ఉండే అమెరికా విస్కీ) పక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చాలనుకుంటే ఏమీ తేలదు. విస్కీ తీసిన గింజ వేరు, దాన్ని ఏళ్ల తరబడి నిలవ ఉంచిన చెక్క పీపా వేరు, అక్కడి వాతావరణం వేరు, వయసు వేరు, ఆల్కహాల్ శాతం వేరు. మీకు నచ్చింది దేనివల్ల నచ్చిందో ఎలా తెలుస్తుంది? అదే గింజ మాత్రమే మారిన జత, పీపా మాత్రమే మారిన జత, పొగ మాత్రమే మారిన జత చూసుకుంటూ పోతే, కొన్నాళ్లకి కొత్త సీసా లేబుల్ చదవగానే లోపల ఏముంటుందో సగం ఊహించగలుగుతారు. డబ్బూ మిగులుతుంది. మీకు నచ్చేది పెద్ద ధరా, షెర్రీ (స్పెయిన్ వైన్) పట్టిన పీపానా అన్నది అప్పటికి తేలిపోయి ఉంటుంది కాబట్టి.

ఎంత పొయ్యాలి

మనకి పెగ్గంటే 30 ఎంఎల్, లార్జ్ అంటే 60. పోల్చి చూడటానికి అంత అక్కర్లేదు. గ్లాసుకి 15 ఎంఎల్ చాలు. సాయంత్రానికి రెండు జతలు, అంటే నాలుగు గ్లాసులు, మొత్తం 60 ఎంఎల్. అంతకు మించితే ముక్కు మొద్దుబారి అన్నీ బాగున్నట్టే అనిపిస్తాయి. ఆ దశలో రాసుకున్న నోట్సుకి విలువ లేదు. కొలతకి మెడికల్ షాపులో 20 ఎంఎల్ సిరంజి ఒకటి, 5 ఎంఎల్ సిరంజి ఒకటి కొనుక్కోండి, సూదులు అక్కర్లేదు. పెద్దది విస్కీకి, చిన్నది నీళ్లకి. కంటికొలతతో పోస్తే ఒక గ్లాసులో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ పడుతుంది. ఎక్కువ పడిన గ్లాసు వాసన కూడా ఎక్కువే కొడుతుంది.

పక్కన ఉమ్మడానికి ఒక స్టీలు గ్లాసు పెట్టుకోండి. మొహమాటం వద్దు. విస్కీ కంపెనీల్లో బ్లెండర్లు రోజంతా చేసే పని చాలావరకు ముక్కుతోనే, అది కూడా ఆల్కహాల్ 20 శాతానికి దిగేదాకా నీళ్లు కలిపి. మింగకపోతే రుచి తెలియదన్నది నిజం కాదు. బండి నడపాల్సినవాళ్లు, రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ ఆటకి కూర్చోకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండాలి.

గది, గ్లాసు, నీళ్లు

మనిళ్లల్లో విస్కీకి పెద్ద శత్రువు పోపు. ఇంగువ, ఎండుమిర్చి వేగిన వాసన గదిలో ఉంటే ఎంత మంచి సీసా తెరిచినా దండగే. ఆవకాయ కలిపే రోజుల్లో ఇల్లంతా ఆవపిండి ఘాటే ఉంటుంది, ఆ వారం మానెయ్యండి. అగరుబత్తి, సాంబ్రాణి, తల్లో మల్లెపూలు, అత్తరు, చేతికి రాసుకున్న శానిటైజర్, ఏవీ వద్దు. వంట మొదలవ్వకముందు, సాయంత్రం ఆరు ఆరున్నర మధ్య, బాగా ఆకలి వేయకముందు కూర్చుంటే ముక్కు బాగా పనిచేస్తుంది.

సీలింగ్ ఫ్యాన్ ఆపెయ్యండి. ఈ సంగతి చాలామందికి తట్టదు. గ్లాసు అంచు దగ్గర నిలబడాల్సిన వాసనని ఫ్యాన్ గాలి ఊడ్చేస్తుంది. మే నెల హైదరాబాద్ గదిలో విస్కీ పోస్తే ఆల్కహాల్ ముందుగా ఎగిసి ముక్కులో గుచ్చుతుంది, దాని వెనకున్న వాసనలేవీ అందవు. ఏసీ 22, 24 మధ్య పెట్టి, సీసాని కూడా అదే గదిలో గంటసేపు ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లబడితే వాసనలు ముడుచుకుపోతాయి. ఐసుతో, సోడాతో తాగడం తప్పేమీ కాదు. పోల్చడం అయ్యాక ఎవరికి నచ్చినట్టు వాళ్లు తాగొచ్చు.

గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి దగ్గర సన్నగా ఉండాలి. గ్లెన్‌కేర్న్ అనే గ్లాసు దీనికోసమే తయారైంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేకపోతే చిన్న వైన్ గ్లాసులు చాలు. నేను గ్లాసు ఆకారం కన్నా ఎక్కువ పట్టించుకునేది గ్లాసులన్నీ ఒకే రకంగా ఉన్నాయా లేదా అని. ఒకటి వైన్ గ్లాసు, ఒకటి టంబ్లరు అయితే మీరు విస్కీలని కాదు, గ్లాసులని పోలుస్తున్నట్టు. కడిగాక సబ్బు నిమ్మవాసన, అలమారా చెక్కవాసన అంటుకుని ఉంటాయి. ఖాళీ గ్లాసుని వాసన చూసి, ఏమైనా తగిలితే వట్టి వేడినీళ్లతో మళ్లీ కడగండి. పోశాక మీద చిన్న సాసరు మూతపెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి.

నీళ్లు ఆర్‌ఓవి గానీ, సీసా నీళ్లు గానీ వాడండి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ వాసన, బోరు నీళ్లలో ఉప్పుదనం ఉంటాయి. మంచింగ్ తర్వాత. మిర్చి బజ్జీ, చికెన్ 65 ఒక్క ముక్క నోట్లో పడితే ఆ సాయంత్రానికి నాలుక ఇక పనికిరాదు. మధ్యమధ్యలో ఉప్పూ కారం లేని వట్టి మరమరాలు రెండు గుప్పిళ్లు చాలు.

శాతం సమం చెయ్యడం

జతని పాడుచేసేవాటిల్లో అన్నిటికన్నా పెద్దది ఆల్కహాల్ శాతంలో తేడా. 40 శాతం ఉన్నదాని పక్కన 50 శాతం ఉన్నది పెడితే, రెండోది "బలంగా, రుచిగా" ఉందనో, "మంటగా" ఉందనో అంటారు. ఆ మాట విస్కీ గురించి కాదు, శాతం గురించి. అందుకే ఎక్కువ ఉన్నదాన్ని తక్కువ ఉన్నదాని స్థాయికి దించాలి. లెక్క తేలిక: పోసిన ఎంఎల్‌ని దాని శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగించండి. వచ్చిన అంకెలోంచి పోసినది తీసేస్తే మిగిలేదే కలపాల్సిన నీళ్లు. 46 శాతం విస్కీ 15 ఎంఎల్ ఉంది, 40కి దించాలి అనుకోండి. 15ని 46తో గుణించి 40తో భాగిస్తే 17.25 వస్తుంది. అంటే దాదాపు 2.2 ఎంఎల్ నీళ్లు. 5 ఎంఎల్ సిరంజి ఎందుకు కొనమన్నానో ఇప్పుడు తెలుస్తుంది.

మన వైన్ షాపుల్లో సీసాల మీద 42.8 శాతం అనే అంకె తరచూ కనిపిస్తుంది, పక్కనే 75 డిగ్రీ ప్రూఫ్ అని కూడా ఉంటుంది. అది బ్రిటిష్ కాలం నాటి కొలత. ఆ పద్ధతిలో 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం ఆల్కహాల్. అందులో ముప్పాతిక 42.8. అమెరికా ప్రూఫ్ వేరు, అక్కడ ప్రూఫ్‌ని రెండుతో భాగిస్తే శాతం వస్తుంది. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన సీసా మీద 101 ప్రూఫ్ అని ఉంటే అది 50.5 శాతం.

నీళ్లు కలిపితే విస్కీ పాడవుతుందన్న భయం పెట్టుకోకండి. స్వీడన్‌లోని లినీయస్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో దీన్ని కంప్యూటర్ నమూనాలతో పరిశీలించారు. పొగ వాసనకి కారణమైన గ్వాయకాల్ అనే అణువు, ఆల్కహాల్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ద్రవం లోపలే చిక్కుకుపోతుంది. నీళ్లు కలిపి 45 శాతం దగ్గరకో ఇంకా కిందకో తెస్తే పైపొరకి చేరుతుంది. ముక్కుకి అందేది ఆ పైపొరే కదా.

ముక్కు ముందు, నాలుక తర్వాత

సాసరు తీయగానే గ్లాసులో ముక్కు దూర్చకండి. గడ్డం దగ్గర పట్టుకుని మెల్లగా పైకి తేండి, నోరు కొంచెం తెరిచి ఉంచండి. నోరు తెరిస్తే ఆల్కహాల్ పోటు తగ్గి మిగతా వాసనలు వస్తాయి. ఎడమ గ్లాసు, కుడి గ్లాసు, మళ్లీ ఎడమ. ఎక్కడా ఐదారు సెకన్లకు మించి ఆగకండి. ముక్కు అలసినట్టు అనిపిస్తే మోచేతి మడత దగ్గర మీ చర్మాన్నే వాసన చూడండి. ముక్కు రోజంతా అలవాటుపడిన వాసన అది, తిరిగి మామూలుకి తెస్తుంది.

మొదటి గుక్కని లెక్కలోకి తీసుకోకండి. అది నోటిని అలవాటు చెయ్యడానికే. రెండో గుక్క సగం చెంచా అంత తీసుకుని, నాలుక అంతటా తిప్పి, ఉమ్మాక గానీ మింగాక గానీ ముక్కుతో గాలి వదలండి. సగం రుచి ఆ గాలిలోనే ఉంటుంది. తర్వాత రుచి ఎంతసేపు నిలిచింది, చివర్లో చేదుగా తేలిందా తీపిగా తేలిందా అని చూడండి.

పేర్లు పెట్టడంలో విదేశీ పుస్తకాల మాటలు అరువు తెచ్చుకోవద్దు. హెదర్ పూలు మనం చూడలేదు. చూసినవాటి పేర్లు చెప్పుకుంటే చాలు: తాటిబెల్లం, ఎండుకొబ్బరి, మగ్గిన అరటిపండు, పనసతొన, సపోటా, కిస్‌మిస్, మామిడి తాండ్ర, నారింజ తొక్క, టింక్చర్ అయోడిన్. నేను జత పెట్టేముందు బల్ల మీద చిన్న గిన్నెల్లో నాలుగు ఉంచుతాను: లవంగాలు, ఎండుకొబ్బరి ముక్క, ఒక చుక్క వెనిల్లా ఎసెన్స్, మగ్గిన అరటిపండు. ఈ నాలుగూ ఊరికే ఎంచుకున్నవి కాదు. లవంగంలో ఉండే యూజినాల్ అనే పదార్థం పీపాలు చేసే ఓక్ చెక్కలోనూ ఉంటుంది. కొబ్బరి వాసనకి కారణం ఓక్‌లోని లాక్టోన్లు అనే పదార్థాలు. పీపాని లోపల కాల్చినప్పుడు చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విరిగి, వెనిల్లా వాసనిచ్చే వెనిలిన్ తయారవుతుంది. అరటిపండు వాసన పీపాది కాదు, గింజ పులిసేటప్పుడు పుట్టే, పండ్ల వాసనిచ్చే ఎస్టర్లది. గిన్నె ఒకసారి, గ్లాసు ఒకసారి వాసన చూస్తే, ఏది చెక్క నుంచి వచ్చింది, ఏది పులియడం వల్ల వచ్చింది అన్నది విడిపోతుంది. నాకు విస్కీ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఈ విడదీయడమే.

రంగు చూసి మోసపోకండి. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి ముదురు రంగు ఎక్కువ వయసుకి సాక్ష్యం కాదు. స్ట్రెయిట్ బోర్బన్ అనే రకంలో అలా కలపకూడదు, అక్కడ రంగంతా పీపాదే.

ఏ జతలు పెట్టాలి

గింజతో మొదలుపెట్టండి. దీనికి బోర్బన్ బాగా పనికొస్తుంది, ఎందుకంటే అమెరికా చట్టం మిగతావాటిని చాలావరకు బిగించి ఉంచింది. కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, పీపా కొత్తదై లోపల కాల్చి ఉండాలి, పీపాలోకి వెళ్లేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాటకూడదు. మొక్కజొన్న తర్వాతి గింజగా ఎక్కువమంది రై అనే ధాన్యం (ఆవాలు కాదు) వాడతారు, కొందరు గోధుమ వాడతారు. మేకర్స్ మార్క్ అనే బోర్బన్‌లో 16 శాతం గోధుమ, రై అసలు లేదు. వైల్డ్ టర్కీ 101 అనే బోర్బన్‌లో రై ఉంది. వైల్డ్ టర్కీ 15 ఎంఎల్‌కి 1.8 ఎంఎల్ నీళ్లు కలిపితే మేకర్స్ మార్క్ 45 శాతానికి సమానమవుతుంది. గోధుమది మెత్తగా, బెల్లం పాకం వైపు వెళ్తుంది. రై ఉన్నది మిరియం, దాల్చినచెక్క వైపు వెళ్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకి ఈ రెండూ వీధి చివరి షాపులోనే దొరుకుతాయి. ఇక్కడ వైల్డ్ టర్కీ దొరక్కపోతే వుడ్‌ఫర్డ్ రిజర్వ్ పెట్టండి, అందులో రై 18 శాతం. అయితే దాన్ని బట్టీలో మరగించి ఆవిరి పట్టే (డిస్టిలేషన్) పద్ధతి కొంత వేరు, ఆ సంగతి నోట్సులో రాసి ఉంచుకోండి.

తర్వాత పీపా. బోర్బన్ అన్న పేరు పెట్టాలంటే కొత్త పీపానే వాడాలి కాబట్టి, ఒకసారి వాడేసిన పీపాలు అమెరికాలో లక్షల్లో మిగులుతాయి. అవే ఓడలెక్కి స్కాట్లాండ్, ఐర్లాండ్, బెంగళూరు, గోవా చేరతాయి. స్కాచ్‌లో వెనిల్లా, కొబ్బరి తగిలితే చాలావరకు ఆ బోర్బన్ పీపా పుణ్యమే. స్పెయిన్ షెర్రీ పట్టిన పీపాలయితే కిస్‌మిస్, ఖర్జూరం, నారింజ తొక్క వైపు లాగుతాయి. ఒకే బట్టీ నుంచి వచ్చిన రెండు విస్కీలు పెడితేనే ఇది చక్కగా తెలుస్తుంది. గ్లెన్‌మోరెంజీ అనే స్కాచ్ కంపెనీ ఒరిజినల్ బోర్బన్ పీపాల్లో పెరుగుతుంది. అదే కంపెనీ లసాంటా చివరి దశలో షెర్రీ పీపాల్లోకి మారుతుంది. ఒరిజినల్ 40 శాతం, లసాంటా 43 శాతం. లసాంటా గ్లాసులో 1.1 ఎంఎల్ నీళ్లు. ఒరిజినల్ ముందు 10 ఏళ్లది, 2024లో 12 ఏళ్లది అయింది. సీసాల మీద వయసు చూసి రెండూ దగ్గరగా ఉండేలా కొనండి. స్కాచ్ మీద ఉండే వయసు, అందులో కలిపిన అన్నిటిలోకీ చిన్నదాని వయసు అని గుర్తుంచుకోండి.

పొగ జతకి దేశం దాటక్కర్లేదు. గోవాలో తయారయ్యే పాల్ జాన్ బ్రిలియన్స్, పాల్ జాన్ బోల్డ్ రెండూ 46 శాతమే, సిరంజి లెక్క అవసరం లేదు. బ్రిలియన్స్‌లో పొగ ఉండదు. బోల్డ్‌కి పీట్ పొగ పట్టించిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాడతారు. పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్లు కుళ్లి గడ్డకట్టిన గడ్డీ నాచూ. స్కాట్లాండ్‌లో దాన్ని తవ్వి, ఆరబెట్టి, కాల్చి, మొలకెత్తిన బార్లీని ఆ పొగలో ఎండబెడతారు. నాలుగైదు జతలే చెయ్యగలిగితే ఇదొకటి తప్పకుండా చెయ్యండి. పొగ విస్కీ మొదటిసారి చూసినవాళ్లు "ఆస్పత్రి వాసన" అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. పొగలేని జోడీ పక్కనుంటే ఆ పొగ కింద తేనె, బార్లీ తీపి రెండింట్లోనూ ఉన్నాయని పట్టుకోగలుగుతారు. వరసలో పొగది ఎప్పుడూ చివరే. ముందు దాన్ని వాసన చూస్తే రెండోదాంట్లోనూ పొగే తగులుతుంది. సీసాల గురించి చెప్పేటప్పుడు వినిపించే పీపీఎం అంకె (పది లక్షల వంతుల్లో పొగ పదార్థాలు ఎన్ని వంతులు అన్నది), ఆర్డ్‌బెగ్ అనే స్కాచ్‌కి 55 అన్నట్టు, బట్టీలో మరగించకముందు మాల్ట్‌లో కొలిచింది. గ్లాసులోకి వచ్చేసరికి అది చాలా తగ్గుతుంది, అందుకని ఆ అంకెతో పోటీలు పెట్టుకోవద్దు.

వాతావరణం జత నాకు అన్నిటికన్నా ఇష్టం. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి దాదాపు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో అమృత్ అనే విస్కీ కంపెనీ వాళ్ల పీపాల్లో అది 10 శాతం దాటుతుంది. దీన్ని దేవతల వాటా అంటారు. అమృత్ ఒక సీసాకి పెట్టిన గ్రీడీ ఏంజెల్స్ అన్న పేరు ఈ ఆవిరి గురించే. వేడికి చెక్క రంధ్రాల్లోకి స్పిరిట్ చొచ్చుకుపోయి బయటికి వస్తూ ఉంటుంది కాబట్టి, మన దగ్గర నాలుగైదేళ్లకే చెక్క రుచి బాగా దిగుతుంది. పన్నెండేళ్లు ఉంచితే పీపాలో మిగిలేదే తక్కువ. అందుకే మన సింగిల్ మాల్టుల్లో (ఒకే బట్టీ కేంద్రంలో, బార్లీ మాల్ట్‌తోనే చేసిన విస్కీల్లో) చాలావాటి మీద వయసు ఉండదు. వయసు లేదని తక్కువ చూడటం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. అమృత్ మామూలు సింగిల్ మాల్ట్ 46 శాతం. దాన్ని 2.2 ఎంఎల్ నీళ్లతో 40కి దించి గ్లెన్‌మోరెంజీ ఒరిజినల్ పక్కన పెట్టండి. బార్లీ రకం కూడా వేరు కాబట్టి ఇది ఒక్క తేడా జత కాదు, రెండు తేడాల జత. అయినా వాతావరణం ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. అమృత్‌లో మగ్గిన పండు, ఘాటు, చెక్క ముందుకొస్తాయి. స్కాచ్‌లో పూల వాసన, పలుచని తేనె నిదానంగా వస్తాయి. అమృత్ సింగిల్ మాల్ట్‌ని 2004లో ముందు గ్లాస్గోలో అమ్మకానికి పెట్టారు, మన దేశంలో కాదు. ఆ ధైర్యానికి నాకు ఇప్పటికీ గౌరవం.

విస్కీ కాని వాటిల్లో కోన్యాక్ (ఫ్రాన్స్ ద్రాక్ష బ్రాందీ) జత అన్నిటికన్నా సులువు. ఒకే కంపెనీ వీఎస్, వీఎస్‌ఓపీ అనే రెండు రకాలు తీసుకోండి, ఉదాహరణకి హెనెసీవి. రెండూ ద్రాక్షే, రెండూ రాగి బట్టీలో రెండుసార్లు పట్టినవే, రెండూ 40 శాతమే. తేడా ముఖ్యంగా వయసుది: వీఎస్‌లో అన్నిటికన్నా చిన్న స్పిరిట్‌కి కనీసం 2 ఏళ్లు, వీఎస్‌ఓపీలో 4 ఏళ్లు ఉండాలి. ఇంకా పాతదైన ఎక్స్‌ఓ రకానికి 2018 నుంచి 10 ఏళ్లు.

రమ్ముకి మన ఓల్డ్ మాంక్ ఉండనే ఉంది. 1954 నుంచి ఉన్నది, 7 ఏళ్లది, 42.8 శాతం. దాని పక్కన జమైకా యాపిల్టన్ ఎస్టేట్ పెట్టండి. ఓల్డ్ మాంక్‌లో వెనిల్లా, పాకం ముందుంటాయి. జమైకా రమ్ముల్లో ఎస్టర్లు ఎక్కువ, మగ్గిపోయిన అరటిపండు, అనాస వాసన వస్తుంది. రమ్ము దగ్గర ఒక జాగ్రత్త. తీపి కలపడం మీద నియమాలు ఒక్కో దేశానికి ఒక్కోలా ఉంటాయి. యూరోపియన్ యూనియన్ లీటరుకి 20 గ్రాముల దాకా ఒప్పుకుంటుంది. కాబట్టి నాలుకకి తగిలిన తీపి అంతా పీపాదే అనుకోకండి. ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది ఆరనివ్వండి. జిగురు మిగిలితే చక్కెర ఉన్నట్టే.

మూడు గ్లాసుల పరీక్ష

జత పెట్టి తేడాలు రాశాక అవి నిజంగా ముక్కుకి తెలిశాయా, లేబుల్ చూసి అనుకున్నవా అన్నది తేల్చాలి. ల్యాబుల్లో దీనికి త్రికోణ పరీక్ష అని ఒకటుంది. ఒకేలాంటి మూడు గ్లాసులు తీసుకోండి. రెండింట్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో దాని జోడీ. మా ఇంట్లో పోసేది మా ఆయన. నేను పక్క గదిలో ఉంటాను. గ్లాసుల అడుగున 417, 862, 295 లాంటి అంకెలు కాగితం మీద రాసి అంటిస్తారు. ఏ, బీ, సీ అని రాస్తే మొదటిదే మంచిదేమో అని మనసు లాగుతుంది, అందుకని మూడంకెలు. రంగు తేడా కనపడకుండా గ్లాసుల చుట్టూ కాగితం చుట్టండి. వేరేది ఏదో చెప్పడమే పని. ఏది మంచిదో చెప్పక్కర్లేదు.

ఊరికే ఊహించినా మూడింట ఒకసారి కరెక్ట్ అవుతుంది, అందుకే ఒక్కసారితో ఆగకండి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేసి మూడుసార్లూ సరిగ్గా చెప్తే, ఊరికే ఊహించి అలా చెప్పగలిగే అవకాశం 27లో 1 వంతే. పొగ జతని దాదాపు అందరూ పట్టేస్తారు. గోధుమ, రై జత కొంచెం కష్టం. కోన్యాక్‌లో వీఎస్, వీఎస్‌ఓపీ పట్టుకోవడం చాలామందికి గట్టి పరీక్షే. పట్టుకోలేకపోతే అదీ పనికొచ్చే సమాచారమే. ముక్కుకి తెలియని తేడాకి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

సీసాలు, నోట్సు

ఇన్ని సీసాలు ఒక్కరే కొనలేరు, కొనక్కర్లేదు కూడా. ముగ్గురు నలుగురు కలిసి తలా ఒక సీసా తెచ్చుకుని, ఒకచోట కూర్చుని జతలు పెట్టుకోండి. విదేశం నుంచి ఎవరైనా వస్తుంటే పెద్దలకి తలా 2 లీటర్ల దాకా డ్యూటీ లేకుండా తేవచ్చు. "ఏదో మంచి స్కాచ్ తే" అనకుండా జతలో తక్కువైన సీసా పేరు స్పష్టంగా చెప్పండి. మా అన్నయ్య వచ్చే ముందు నేను పంపే లిస్టులో పేరు, శాతం, వయసు మూడూ ఉంటాయి.

తెరిచిన సీసాలో గాలి పెరిగేకొద్దీ విస్కీ మారుతుంది. సగం ఖాళీ అయిన సీసానీ కొత్తగా తెరిచిన సీసానీ పోల్చడం మళ్లీ రెండు తేడాల పనే. అందుకే సీసా తెరిచిన రోజే పోలిక కోసం 100 ఎంఎల్ ముదురు గోధుమరంగు గాజు సీసాల్లోకి అంచు దాకా నింపి, గట్టిగా మూతపెట్టి చీకటి అలమారాలో నిలబెట్టండి. పడుకోబెడితే ఆల్కహాల్ కార్కుని తినేస్తుంది. చిన్న సీసా మీద పేరు, శాతం, తెరిచిన తేదీ రాసి అంటించండి.

నోట్సుకి వందకి ఇన్ని మార్కులు అని నేను వెయ్యను. ఒక పేజీని మధ్యలో గీత గీసి రెండు చేస్తాను, ఎడమ గ్లాసుకి ఒక సగం, కుడి గ్లాసుకి ఒక సగం. పైన తేదీ, జత పేరు, మారిన ఆ ఒక్క తేడా. కింద మూత తీయగానే వచ్చిన వాసన, పది నిమిషాల తర్వాత వాసన, నోట్లో రుచి, మింగాక ఏది నిలిచింది. అడుగున ఒకే ప్రశ్న: రేపు ఎవరైనా ఇంటికొస్తే వీటిలో ఏది పోస్తాను? ఆ జవాబు పక్కన "పీపా వల్ల", "గింజ వల్ల", "పొగ వల్ల" అని కారణం రాయండి. చిన్న సీసాలో కొంత మిగిల్చి, రెండు నెలలయ్యాక అదే జతని పాత పేజీ చూడకుండా మళ్లీ పోసుకుని రాయండి. రెండు పేజీల్లోనూ వచ్చిన మాటల కింద గీత గియ్యండి. తర్వాతి సీసా కొనేటప్పుడు ఆ గీతల్నే చూసుకుంటే చాలు.